30 వేల లోపు ల్యాప్‌టాప్, కొత్తదా పాతదా? మా ఇంట్లో రెండూ కొన్నాం

ప్రశ్న: మా అబ్బాయి పాలిసెట్ రాసి డిప్లొమా కంప్యూటర్స్‌లో చేరాడు. హాస్టల్‌లో ఉంటాడు. 30 వేలు మించి పెట్టలేను. మా ఊరి షాపులో 27 వేలకి కొత్త ల్యాప్‌టాప్ చూపించారు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. సెకండ్ హ్యాండ్ తీసుకోమని కొందరు అంటున్నారు, నాకేమో భయం. ఏది తీసుకోమంటారు?

జవాబు:

ఆ 27 వేలది వద్దండీ. సరిగ్గా అలాంటిదే మేం 2020లో కొన్నాం, మా నాన్న చీటీ పాడుకున్న డబ్బులతో.

లాక్‌డౌన్ రోజులు. తమ్ముడు ఎనిమిదో తరగతి, ఫోన్లో ఆన్‌లైన్ క్లాసులు వినీ వినీ కళ్ళు మంటలు అంటున్నాడు. సూర్యాపేటలో ఏ షాపుకి వెళ్ళినా స్టాక్ లేదనే మాటే. చివరికి ఒక చోట దొరికింది, 23 వేలు. రెండు కోర్ల (అంటే లెక్కలు చేసే భాగాలు రెండే ఉన్న) చిన్న ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను, ఇంట్లో కంప్యూటర్ గురించి అంతో ఇంతో తెలిసింది నాకే అని నన్ను తీసుకెళ్ళారు. నేను చూసింది రంగు, బరువు! సన్నగా, నీలం రంగులో ముద్దుగా ఉంది. పైగా సీల్డ్ బాక్సు, ఏడాది వారంటీ. ఇంకేం కావాలి అనుకున్నాం.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత విండోస్ అప్‌డేట్ వచ్చింది. 64 జీబీలో విండోసే సగానికి పైగా మింగేసి కూర్చుంటే, కొత్త అప్‌డేట్ దిగడానికి ఇంకో పది జీబీలు ఖాళీ చేయమంటుంది. ప్రతి ఆదివారం నా పని ఏంటంటే ఆ సీ డ్రైవ్‌లో ఎర్రగీత చూసి ఏదో ఒకటి డిలీట్ చేయడం. జూమ్ క్లాసు నడుస్తుండగా పక్కన పీడీఎఫ్ తెరిచాడంటే సార్ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. ర్యామ్ పెంచుదామని తీసుకెళితే బోర్డుకే సోల్డర్ చేసి (అతికించేసి) ఉంది, వేరే స్లాట్ లేదన్నారు. స్టోరేజ్ కూడా అంతే. ఈఎంఎంసీ అంటే ఫోన్లలో ఉండే లాంటి చిప్పు, ఎస్‌ఎస్‌డీ అనే విడి స్టోరేజ్‌లా ఊడదీసి పెద్దది వేసుకునే వీలుండదు. సరిగ్గా పద్నాలుగో నెలలో మూత తెరుస్తుంటే హింజ్ (మూత మడతబందు) దగ్గర ప్లాస్టిక్ విరిగిపోయింది. వారంటీ అయిపోయి రెండు నెలలు. పై మూత మొత్తం మార్చాలి, ఏడు వేలవుతుందన్నారు. మార్పించలేదు. మిగిలిన రోజులు దాన్ని గోడకి ఆనించే వాడాడు పాపం.

అప్పటి నుంచి నేను ఎవరు అడిగినా ముందు చెప్పేది ఇదే. కొన్నాక ఏం మార్చుకోలేమో అది ముందు చూడండి. ప్రాసెసర్, స్క్రీన్, సోల్డర్ చేసిన ర్యామ్, ఒంటి దృఢత్వం, ఇవి మారవు, స్క్రీన్ లాంటిది మార్చగలిగినా ఖర్చు ఎక్కువ. ఎస్‌ఎస్‌డీ చిన్నదైతే రేపు పెద్దది వేసుకోవచ్చు, బ్యాటరీ పోతే మార్చుకోవచ్చు. షాపుల వాళ్ళు మాత్రం సరిగ్గా తిరగేసి చెప్తారు. బ్యాగు ఫ్రీ, మౌస్ ఫ్రీ, యాంటీవైరస్ ఫ్రీ.

ఇక రెండోది. తమ్ముడు 2023లో మీ అబ్బాయిలాగే పాలిటెక్నిక్‌లో చేరాడు, అదే కంప్యూటర్ బ్రాంచి. మొదటి సంవత్సరం మేం ఏమీ కొనలేదు, నిజానికి అవసరమూ పడలేదు. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాఫ్టర్ పెట్టుకుని గీసే ఇంజనీరింగ్ డ్రాయింగ్. సీ ప్రోగ్రాములు కాలేజీ ల్యాబ్‌లోనే. రికార్డులన్నీ చేత్తోనే రాయాలి కదా! కాబట్టి మీరు కూడా కాలేజీ తెరిచేలోపు కొనేయాలన్న టెన్షన్ పెట్టుకోకండి. రెండు నెలలు క్లాసులు జరగనివ్వండి, సీనియర్లు ఏం వాడుతున్నారో వాడే చూసి చెప్తాడు.

2024 జూన్‌లో కొన్నాం. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆఫీసులో మా ల్యాప్‌టాప్‌లన్నీ ఒకేసారి పట్టుకెళ్ళి కొత్తవి ఇచ్చారు. పాతవి శుభ్రంగా పనిచేస్తున్నాయి కదా, ఇవన్నీ ఎక్కడికి పోతాయి అని అడిగితే ఐటీ సపోర్ట్ అబ్బాయి నవ్వి, చాలావరకు పార్క్‌లేన్‌కే మేడమ్ అన్నాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసినవి అక్కడ షాపుల్లో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఇవి ఇళ్ళకి అమ్మే చవక మోడళ్ళ లాంటివి కావు. థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అని ఆఫీసుల కోసం చేసినవి. కొత్తగా ఉన్నప్పుడు వీటి ధర మనం వినలేం. హింజ్‌లు గట్టివి, కీబోర్డు మీద నీళ్ళు ఒలికినా వెంటనే చావవు, పార్టులు దొరుకుతాయి, స్క్రూలు విప్పితే లోపల చాలావరకు చేతికి అందుతాయి.

మేం తీసుకున్నది థింక్‌ప్యాడ్ టీ480. 2018లో వచ్చిన మోడల్, ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ 8వ జనరేషన్ (తరం), 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. 18,500 చెప్పారు, 17,000కి ఇచ్చారు, ఆరు నెలలు షాపు వారంటీ రాసిచ్చారు. లోపల ఇంకో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే 1,600 పెట్టి మరో 8 జీబీ వేయించాను. మొత్తం 18,600. తమ్ముడు ఇప్పుడు ఫైనలియర్, ప్రాజెక్టు కూడా దాని మీదే చేస్తున్నాడు.

8వ జనరేషన్ అని పట్టుబట్టడానికి రెండు కారణాలున్నాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపు 8వ జనరేషన్ నుంచే అధికారికంగా ఎక్కుతుంది. రెండోది, ల్యాప్‌టాప్‌లకి వచ్చే మామూలు ఐ5లలో 7వ జనరేషన్ దాకా రెండు కోర్లే ఉండేవి, 8వ దానిలో నాలుగయ్యాయి. ఇది చిన్న తేడా కాదు. సీటీసీలో మొదటి షాపాయన నాకు ‘ఐ7 మేడమ్, పద్నాలుగు వేలే’ అని ఒకటి చూపించాడు. స్టిక్కర్ చూస్తే ఐ7-4600యూ. అంటే నాలుగో జనరేషన్, 2013 నాటిది, రెండు కోర్లు. డ్యాష్ తర్వాత వచ్చే అంకె చూడండి. 8350 అంటే ఎనిమిది. 1135 అని ఉంటే పదకొండో జనరేషన్. ఐ3, ఐ5, ఐ7 అన్న పేరు కన్నా ఆ అంకే ముఖ్యం.

స్క్రీన్ దగ్గర నేను మోసపోబోయాను. ఒకే టీ480లో రెండు మూడు రకాల స్క్రీన్లు వచ్చాయి. చవక రకం 1366 బై 768, కాస్త పక్కకి జరిగి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 బై 1080. మొదట చేతికిచ్చింది ఆ చవక రకమే. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తే తెలిసింది. అడిగితే, ‘ఓ, ఫుల్ హెచ్‌డీ కావాలా’ అని లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు, వెయ్యి ఎక్కువ. గంటలకొద్దీ కోడ్ చూసే పిల్లాడికి ఆ వెయ్యి దగ్గర మాత్రం లెక్క చూసుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ అంటే మీ భయం అర్థమైంది. నాకూ ఉండింది. అందుకే షాపులో గంటన్నర కూర్చున్నాను, ఆయన రెండుసార్లు టీ తెప్పించాడు. బ్యాటరీ ఎంత మిగిలిందో విండోసే చెప్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి దిగిందంటే ధర తగ్గించమనండి. టీ480కి లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసే బ్యాటరీ ఒకటి ఉంటాయి. మాకు వెనకది బాగా అరిగిపోయింది, ఏడాది తర్వాత రెండున్నర వేలు పెట్టి మార్చాం. హాస్టల్‌లో కరెంటు పోతే తెలుస్తుంది దాని విలువ.

బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి) వెళ్ళి చూడండి, పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉంటే దాన్ని ముట్టుకోకండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. ఇంకొకటి చాలామందికి తెలియదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇంకా పాత కంపెనీ జాబితాలోనే ఉండిపోతాయి. విండోస్ కొత్తగా ఎక్కించి వైఫై కలపగానే ఫలానా కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమని అడుగుతుంది. కాబట్టి మీ ముందే విండోస్ రీసెట్ చేయించి నెట్ కలిపి చూపించమనండి. అరగంట పడుతుంది, పట్టనివ్వండి. ఆ లోపు పక్క షాపులో రేటు కనుక్కోవచ్చు. మిగతావి మామూలే, నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కడం, అన్ని యూఎస్‌బీల్లో పెన్‌డ్రైవ్ పెట్టడం, కెమెరా, స్పీకర్, ఛార్జర్ పిన్ను వదులుగా ఉందేమో. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. చేతి చీటీ మీద ‘ల్యాప్‌టాప్ ఒకటి’ అని రాస్తే రేపు ఆ వారంటీ మీరు అడగలేరు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నా లెక్క 2024 నాటిది. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. చిప్పులు చేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన మెమరీ మీద పడటంతో మామూలు కంప్యూటర్ల ర్యామ్‌కి కొరత వచ్చింది. మొన్న మా కొలీగ్ కోసం నేను 1,600కి కొన్న ఆ 8 జీబీ స్టిక్కే అడిగితే రేటు విని గుండె గుభేల్‌మంది. ‘ఇప్పుడు 8 తీసుకుని తర్వాత పెంచుకుందాం’ అన్న పాత సలహా నేను ఇప్పుడు ఇవ్వను. దొరికితే ముందే 16 జీబీ ఉన్నది తీసుకోండి, మీ 30 వేలల్లో పాతదైతే ప్రయత్నించవచ్చు. 8తో కూడా సీ, పైథాన్, జావా అన్నీ నడుస్తాయి. ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఎక్కించినప్పుడే ప్రాణం మీదికొస్తుంది.

ఎంత చెప్పినా కొత్తదే కావాలనుకుంటే, అందులో తప్పేం లేదు, వారంటీ ధైర్యం వేరు. కానీ తప్పించుకోవాల్సిన రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఐ3, ఐ5 ఏదీ లేకుండా ఉత్త ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని, పక్కన ఎన్100 లాంటి అంకె ఉంటే అది పాత సెలెరాన్, పెంటియంల స్థానంలో వచ్చింది. సినిమా చూడటానికి, వర్డ్‌లో రాసుకోవడానికి సరిపోతుంది, మూడేళ్ళ డిప్లొమాకి ఇరుకు. రెండోది ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7520యూ. 7 అనగానే కొత్తదనుకుంటాం. ఆ వరుసలో మూడో అంకె చూడాలి, అక్కడ 2 ఉందంటే లోపల డిజైన్ 2019 నాటి జెన్ 2. పైగా ఆ చిప్‌తో వచ్చే ర్యామ్ ఎప్పుడూ సోల్డరే, 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీనే. దానికన్నా ఐ3-1215యూ నయం, ఆరు కోర్లు, చాలా మోడళ్ళలో ర్యామ్ స్లాట్ ఉంటుంది. ర్యామ్ రేట్లు పెరగకముందు సేల్‌లో 35 వేల లోపే కనిపించేవి, ఇప్పుడు మీ బడ్జెట్‌లో దొరికితే అదృష్టమే. కొనే ముందు సర్వీస్ సెంటర్ మీ జిల్లాలో ఉందో లేదో అడగండి.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్) కోసం విడిగా డబ్బు కట్టకండి, లిబ్రేఆఫీస్ ఉచితం, ప్రాజెక్టు రిపోర్టుకి చాలు. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు కూడా ఈ కోర్సుకి అక్కర్లేదు, వాడు ఏం చెప్పి ఒప్పించినా సరే (మావాడు చాలా చెప్పాడు). ఇంకో సంగతి, ల్యాబ్‌లో నీలం తెర టర్బో సీ (సీ ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్) వాడితే ఇంట్లోనూ అదే కావాలంటాడు. అది 16 బిట్ల కాలంనాటిది, ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా తెరుచుకోదు, పాత ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవాలి. అది చూసి ల్యాప్‌టాప్ పాడైందని షాపుకి పరిగెత్తకండి. మేం పరిగెత్తాం.

షాపాయనకి అడ్వాన్స్ ఏమైనా ఇచ్చారా? ఇవ్వకపోతే, డబ్బా మీదున్న స్టిక్కర్‌లో మోడల్ నంబర్ రాసి ఇక్కడ పెట్టండి. హైదరాబాద్ వచ్చే వీలుంటే ఆదివారం మాత్రం రాకండి, సీటీసీలో చాలా షాపులు మూసి ఉంటాయి.