ట్రక్కింగ్ షేర్లు: ధర కన్నా ముందు అప్పు చూడండి

మాంద్యం భయంతో అమెరికా ట్రక్కింగ్ షేర్లు పడ్డాయి, ఇప్పుడు కొనవచ్చా అని అడిగారు కదండీ. ముందు కంపెనీ అప్పు చూడండి. సరుకు తగ్గినా ట్రక్కుల వాయిదాలు ఆగవు. అప్పుల్లో ఉన్న ఎల్లో అనే అమెరికా ట్రక్కింగ్ కంపెనీ 2023 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది, సుమారు 30,000 మంది ఉద్యోగాలు పోయాయి. పాపం, ఎన్ని కుటుంబాలో!

తర్వాత ఆపరేటింగ్ రేషియో, అంటే వంద డాలర్ల ఆదాయానికి ఖర్చెంత అని. ఓల్డ్ డొమినియన్ అనే మరో ట్రక్కింగ్ కంపెనీకి 2023లో అది 72 దగ్గరే ఉంది, అప్పు కూడా చాలా తక్కువ. 97, 98 ఉన్న కంపెనీకి రవాణా రేట్లు కాస్త పడినా నష్టమే. షేర్లు చాలాసార్లు లాభాలకన్నా ముందే కదులుతాయి కాబట్టి విడతలుగా కొనండి. ఏడాదిలో అవసరమయ్యే ఫీజుల డబ్బు మాత్రం దయచేసి ఇందులో పెట్టకండి.