వార్డు సభలో లేచి అడిగే ముందు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

బరంపురం నుంచి జయపురం దాకా ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగువాళ్లు ఈసారి వార్డు సమావేశాల గురించే ఎక్కువగా రాశారు. ఒకేలాంటి ఉత్తరాలను కలిపి ఒక్కో ప్రశ్నగా వేస్తున్నాం.

ప్రశ్న: వార్డు మీటింగులో మా వీధి సంగతి చెబితే అందరూ తలూపారు. తర్వాత ఏమీ జరగలేదు. తెలుగులో కాగితం రాసిస్తే ‘ఒడియాలో రాసుకురండి’ అని తిప్పి పంపారు. అలా అనొచ్చా? — ఒక గృహిణి, బరంపురం

అనకూడదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. తెలుగు కాగితాన్ని భాష పేరుతో తిప్పి పంపడం చెల్లదు. అయితే హక్కు వేరు, పని కావడం వేరు. ఆ కాగితం చదవాల్సిన ఇంజనీరుకు తెలుగు రాకపోతే అది ఫైల్లోనే పడుంటుంది. తెలుగు కాగితం వెనకాల అర పేజీ ఒడియా నకలు జతచేయండి. ఒడియా బడిలో చదివే పిల్లలు ఇంటింటా ఉన్నారు, వాళ్లతో రాయించినా చాలు. అంకెలు, వీధి పేరు, తేదీ రెండింటిలో ఒకేలా ఉండాలి.

సమాచార హక్కు దరఖాస్తు సంగతి వేరు. 2005 నాటి ఆ చట్టం ఇంగ్లిష్, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాష అని స్పష్టంగా చెబుతుంది. కాబట్టి అది తెలుగులో కాక ఒడియాలో వేయండి, ‘ఫారం ఎ’లో, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ‘పని ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు. ఉన్న కాగితమే అడగాలి: ఫలానా తేదీ సమావేశం ప్రొసీడింగ్స్ (సమావేశంలో జరిగింది రాసే పుస్తకం) నకలు, ఆ పని ఎస్టిమేటు, వర్క్ ఆర్డరు, మెజర్‌మెంట్ బుక్కు (చేసిన పని కొలతలు రాసేది) నకలు. ఈ నాలుగూ చేతికొస్తే పని ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తుంది.

ఇక అందరూ తలూపిన సంగతి. వార్డు సమావేశంలో అన్న మాట సలహా మాత్రమే, ఉత్తర్వు కాదు. అది ప్రొసీడింగ్స్‌లోకి ఎక్కాలి, అక్కడి నుంచి సంబంధిత శాఖకు వెళ్లాలి. ‘డ్రైనేజీ సమస్య చర్చించబడింది’ అని రాసుకుంటే అక్కడితో సరి. ‘ఫలానా వీధి, ఫలానా ఇంటి నుంచి కల్వర్టు దాకా 90 మీటర్లు, పూడిక సుమారు 20 సెంటీమీటర్లు, పూడిక తీయించి మధ్యలోని మిట్ట సరిచేయాలి, బాధ్యత మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగం’ అని రాయించండి. మీటింగు లేవకముందే ఆ వాక్యం చదివి వినిపించమనండి. ఇందులో మొహమాటపడితే మొత్తం వృథా.

ఎవరి పని ఎవరిదో ముందే తెలుసుకోవాలి. వీధి డ్రైను, చెత్త, దోమలు, వీధి దీపాలు మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ పని. పట్టణాల్లో కుళాయి నీళ్లు పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ విభాగానివి, బరంపురంలో వాట్కో అనే ప్రభుత్వ నీటి సంస్థవి, పల్లెల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానివి. పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖదై ఉండొచ్చు. బరంపురం పక్కనుంచి పోయే 16వ నంబరు, జయపురం మీదుగా పోయే 26వ నంబరు రోడ్లు జాతీయ రహదారులు. వాటి పక్క కాలువ పొంగితే కౌన్సిలరును ఎంత తిట్టినా ఆయన చేతిలో లేదు.

కాగితం ఇచ్చాక డైరీ నంబరు (ఆఫీసు రిజిస్టరులో దానికి వేసే నంబరు), తేదీ, ముద్ర ఉన్న నకలు తీసుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు కాగితం ఇచ్చినట్టు కాదు. కదలిక లేకపోతే సోమవారాల్లో కలెక్టరు, ఎస్పీ కలిసి వినే ఉమ్మడి గ్రీవెన్స్ (ఫిర్యాదుల విచారణ)కు గానీ, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర ప్రభుత్వ జనసుణాణి పోర్టల్‌కు గానీ అదే నంబరుతో వెళ్లండి. ఒక్కోసారి ఆ విచారణ బ్లాకుల్లో పెడతారు, ఎక్కడో ముందురోజే కనుక్కోండి.

ప్రశ్న: సిమెంటు రోడ్డు మళ్లీ పోశాక మా ఇళ్లు పల్లమయ్యాయి. గట్టి వాన పడితే మురుగు గుమ్మంలోకి వస్తోంది. డ్రైను బాగానే ఉందని ఇంజనీరు అంటున్నాడు. ఎలా రుజువు చేయాలి? — కొందరు వీధివాసులు, రాయగడ

ట్యూబ్ లెవెల్‌తో. తాపీమేస్త్రీ దగ్గర ఉండేదే: పదిహేను మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, నీళ్లు నింపింది. లోపల బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకని బాల్చీని ఎత్తులో పెట్టి నీళ్లు పీల్చి నింపండి, ఆ తర్వాత గొట్టం పొడవునా చూపు పోనిచ్చి బుడగలను తట్టి పైకి తోయండి. రెండు కొసల్లో నీటిమట్టం ఒకటే. దాన్ని బట్టి వీధి పొడవునా గోడల మీద సుద్దతో ఒకే మట్టంలో గీతలు గీయండి. ఒకే గొట్టంతో వీధంతా అందదు కాబట్టి ఒక గీత నుంచి ఇంకో గీతకు జరుపుకుంటూ పోవాలి. తిరుగు ప్రయాణంలో మొదటి గీతతో మళ్లీ సరిపోల్చండి. రెండు సెంటీమీటర్లు మించి తేడా వస్తే మళ్లీ మొదలు.

ఇప్పుడు ఆ గీత నుంచి డ్రైను అడుగు దాకా కొలవండి. పూడిక అడుగు కాదు, సిమెంటు అడుగు. కమ్మీ గుచ్చి చూడాలి. ఉదాహరణకు వీధి మొదట్లో 78 సెం.మీ., 30 మీటర్ల దగ్గర 92, 60 మీటర్ల దగ్గర 85, 90 మీటర్ల దగ్గర కల్వర్టు నోట్లో 101 వచ్చాయనుకుందాం. మొదటికీ చివరికీ 23 సెం.మీ. దిగుడు ఉంది. ఇంజనీరు చూపించేది ఆ అంకెనే. కానీ 60 మీటర్ల దగ్గర అడుగు, దానికి ముందున్న 30 మీటర్ల చోటు కంటే 7 సెం.మీ. ఎత్తుగా ఉంది. అంటే అక్కడ మిట్ట. మధ్యలో నీళ్లు ఎప్పుడూ నిలుస్తాయి, పూడిక అక్కడే చేరుతుంది, దోమా అక్కడే. మొత్తం వాలు కూడా దాదాపు 390కి 1 మాత్రమే, అంటే 390 మీటర్లకు ఒక మీటరు దిగుడు. చిన్న వీధి డ్రైనుకు 200 నుంచి 300కి 1 వాలు ఉంటే గానీ మట్టి కొట్టుకుపోదు. 300కి 1 కావాలంటే 90 మీటర్లకు 30 సెం.మీ. దిగుడు రావాలి. ఈ నాలుగు అంకెలు, ఒక గీత బొమ్మ సభలో పెడితే ‘బాగానే ఉంది’ అనే మాట నిలవదు.

రెండో కారణం ఇంటి ముందు ర్యాంపులు. బండి ఎక్కించడానికి డ్రైను మీద సిమెంటు పోసి, కింద ఆరంగుళాల పైపు ఒకటి వదులుతారు. ప్లాస్టిక్ సంచి ఒకటి అడ్డం పడితే ఆ పైపు పూడుకుపోతుంది, పైఇంటివాళ్ల గుమ్మం మునుగుతుంది. ఎవరి ర్యాంపూ కొట్టించాల్సిన పనిలేదు. ఇద్దరు మనుషులు ఎత్తగలిగే, కొక్కేలున్న పలకలు వేయించమని తీర్మానం అడగండి. ఈ మాట కౌన్సిలరు నోట రాదు, ఓట్లు పోతాయని. వీధివాళ్లే అడగాలి.

పూడిక తీతలో మోసం తీసేటప్పుడు కాదు, తీశాక జరుగుతుంది. గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తారు, మొదటి వానకు అది మళ్లీ లోపలికే. 90 మీటర్ల పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. మందం అంటే సుమారు 8 ఘనపు మీటర్లు, మూడు ట్రాక్టర్ ట్రాలీల లోడు. ట్రాలీలు ఎన్ని వెళ్లాయో వీధిలో ఒకరు రాసిపెట్టుకుంటే బిల్లుతో పోల్చుకోవచ్చు.

రోడ్డు మళ్లీ పోస్తామన్నప్పుడు పాత పొరను పగలగొట్టి తీశాకే కొత్తది పోయాలని, ఎస్టిమేటులో ఆ ఐటం ఉండాలని ముందే అడగండి. పోసేశాక వాదించి లాభం లేదు.

ప్రశ్న: కుళాయి తిప్పగానే మొదటి పది నిమిషాలు కంపు నీళ్లు వస్తాయి, తర్వాత బాగానే ఉంటాయి. రెండు ఇళ్లలో పిల్లలకు విరేచనాలు. వాడుకకు నుయ్యి కూడా ఉంది. — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

మొదట్లోనే కంపు వస్తోందంటే తప్పు ఎక్కువగా నీటి ట్యాంకులో కాదు, మీ వీధి పైపుల్లో ఉంటుంది. నీళ్లు గంట రెండు గంటలే వదిలితే మిగతా వేళ పైపు ఖాళీ. డ్రైనులోంచి పోయే ఇంటి పైపుకు చిల్లుంటే ఆ ఖాళీలోకి మురుగు దిగుతుంది. నీళ్లు వస్తుండగా ఎవరైనా నేరుగా కుళాయి పైపుకు చిన్న మోటారు తగిలించి లాగినా అదే జరుగుతుంది.

వరసగా నాలుగు రోజులు ప్రతి ఇంట్లో మూడు విషయాలు రాయండి: నీళ్లు వచ్చిన టైము, కంపు ఎన్ని నిమిషాలు, మోటారు ఉందా లేదా. వీధి పటం మీద గుర్తు పెడితే కంపు మొదలయ్యే ఇల్లు దొరుకుతుంది. చిల్లు సాధారణంగా ఆ దాపునే ఉంటుంది. తర్వాత క్లోరిన్ కిట్టుతో (నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చేది) వీధి చివరి కుళాయి పరీక్షించండి. రంగును పది సెకన్లలో చూడాలి, ఆలస్యమైతే అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర బాగా ఉండి మీ దగ్గర సున్నా వస్తే, మురుగు ఆ క్లోరిన్‌ను తినేస్తోందని అనుమానించాలి. నల్లబడే సీసా పరీక్ష (హెచ్‌2ఎస్) అనుమానానికే, రుజువుకు కాదు. సీసా నల్లబడిందని చెప్పి ల్యాబు పరీక్ష అడగండి. పరీక్షకు మొదటి ఐదు నిమిషాల నీళ్లు ఒక సీసా, అరగంట తర్వాతవి ఒక సీసా పట్టించాలి. సిబ్బంది చాలాసార్లు అరగంట తర్వాత వచ్చి ‘నీళ్లు బాగున్నాయి’ అని రాసి పోతారు.

సభలో అడగాల్సినవి: ఫలానా ఇళ్ల మధ్య తవ్వి చూడడం, డ్రైనులోంచి పోయే ఇంటి పైపులను పైకి మార్చడం, వీధి చివర కడుగుడు వాల్వు (పైపులోని మురికి నీళ్లు బయటికి వదిలేది). అందాకా తాగే నీళ్లు మరిగించండి. పిల్లలకు ఓఆర్ఎస్ ఆపొద్దు.

నూతికి బ్లీచింగు కొలిచి వేయండి, గుప్పెళ్లతో కాదు. వ్యాసం 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు అయితే: 3.14 × 2 × 2 × 3 ÷ 4 = 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన 24 గ్రాములు. పొడిని కొద్ది నీళ్లతో ముద్దచేసి, బాల్చీ ముప్పావు దాకా నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు వదలండి. పైన తేరిన నీళ్లే మరో బాల్చీలోకి వంచి నూతిలోకి దించి, తాడు పైకీ కిందకీ ఆడించండి. అడుగున మిగిలిన సున్నం నూతిలో పోయకూడదు, నీళ్లు గరుకెక్కుతాయి. గంట ఆగి కిట్టుతో చూస్తే 0.5 మిల్లీగ్రాములు రావాలి. రాకపోతే బురద ఎక్కువని లెక్క, ఇంకొంచెం వేయాలి. రాత్రి వేసి పొద్దున తోడుకోవడం మేలు. మూతి విప్పి నెలలు దాటిన సంచిలో పొడికి బలం ఉండదు, అది వేసినా వేయనట్టే.

ప్రశ్న: డెంగీ వస్తోందని పొగ కొట్టమంటే నెలకోసారి బండి తిప్పి పోతున్నారు. — జయపురం

పొగ ఎగురుతున్న దోమనే చంపుతుంది, తొట్టెలోని పిల్లపురుగును ముట్టదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నెలకోసారి పొగ బండి తిరిగితే ఫోటోకి బాగుంటుంది, అంతే. డెంగీ దోమ మురుగులో పుట్టదు. మేడ మీది డ్రమ్ము, కూలర్, పాత టైరు, పూలకుండీ కింద పళ్లెంలో పుడుతుంది. మురుగులో పుట్టేది బోదకాలు దోమ, గంజాం వైపు అదీ తక్కువేం కాదు. సభలో పొగ అడగకండి. వంద ఇళ్లు తిరిగి ఎన్నింట్లో పిల్లపురుగులున్నాయో లెక్క అడగండి, వారం తర్వాత మళ్లీ లెక్క అడగండి. ఇంట్లో వారానికొక రోజు తొట్లు ఖాళీచేసి గోడలు రుద్ది ఆరబెట్టాలి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు.

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో పల్లె. వార్డు మీటింగులు లేవు. — ఒక రైతు

మీకు పల్లి సభ (పల్లె ఓటర్ల సమావేశం) ఉంది, అది ఇంకా గట్టిది. ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం (1964) ప్రకారం ప్రతి పల్లెకూ ఏటా ఫిబ్రవరిలో జరగాలి, ఇతర వేళల్లో కూడా పెట్టొచ్చు. వచ్చే ఏడాది పనులను అక్కడే సిఫారసు చేస్తారు. ఓటర్లలో పదో వంతు రావాలి. మీ పల్లెలో 420 ఓట్లుంటే 42 మంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకునే రిజిస్టరుకు ఒప్పుకోకండి. ఒకసారి ఒప్పుకుంటే మీరు అడగని పని కూడా మీ సంతకంతోనే మంజూరవుతుంది.

ప్రశ్న: కరెంటు తీగ మా మేడకు మరీ దగ్గరగా ఉంది. ఎంత దూరం ఉండాలి? — గుణుపురం

మామూలు ఇళ్ల లైనైతే మేడ మీద నుంచి నిలువుగా 2.5 మీటర్లు, పక్కగా 1.2 మీటర్లు. 11 కేవీ (11 వేల వోల్టుల పెద్ద లైను) అయితే నిలువుగా 3.7, పక్కగా 1.2. కర్రతో గానీ టేపుతో గానీ మీరు కొలవొద్దు, తడి వెదురు కూడా కరెంటు లాగుతుంది. పిట్టగోడ, తీగ రెండూ పడేలా కింద నుంచి ఫోటో తీసి, స్తంభం నంబరు రాసి, 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ముందు లైను వచ్చిందా, ఇల్లు వచ్చిందా అని తప్పక అడుగుతారు. ఇల్లే ముందైతే పాత హోల్డింగ్ ట్యాక్సు (ఇంటి పన్ను) రసీదు చూపించండి. మేడ తర్వాత లేచిందైతే లైను మార్పు ఖర్చు మామూలుగా మీ మీదే పడుతుంది. వీధిలో నాలుగైదు ఇళ్లది ఇదే బాధైతే కలిసి అడిగితే ఇన్సులేషన్ ఉన్న కేబుల్ వేసే వీలుంటుంది, స్తంభాలు కదిలించడం కంటే అది చవక.