బోరు వద్దని చెప్పగలిగే ఉద్యోగం

మీకు ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) పూర్తయింది, ఒకపక్క కేంద్ర ప్రభుత్వ సంస్థలో తాత్కాలికమైన ప్రాజెక్ట్ పోస్టు, ఇంకోపక్క ప్రైవేట్ సర్వే కంపెనీ ఆఫర్, ఎటు వెళ్ళాలని అడిగారు. నేను హైదరాబాద్‌లోనే ఒక కేంద్ర సంస్థలో భూగర్భ జలాల మీద పనిచేసి రిటైరయ్యాను. ఈ రంగంలో ఇక్కడ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది, భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ) ఉంది, ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, కేంద్ర భూగర్భ జల బోర్డు కార్యాలయం ఉంది. నాది ఏదన్నది చెప్పను.

ముందు తృప్తి సంగతి. తెలంగాణలో చాలా భాగం గ్రానైట్ నేల. పైన శిథిలమైన పొర, దాని కింద పగుళ్ళున్న రాయి, ఇంకా కిందికి పోతే గట్టి బండ. నీళ్ళు దొరికేది ఎక్కువగా ఆ పై రెండింటిలోనే. బండలోకి దిగాక వెయ్యి అడుగులు వేసినా చాలాసార్లు దుమ్మే వస్తుంది. రైతుకు ఇది తెలియక కాదు, పక్క పొలంలో పడ్డాయి కదా అన్న ఆశ. రిగ్గు వాళ్ళకు అడుగుకు ఇంత అని లెక్క. పాయింట్ చూపించేవాళ్ళు కొబ్బరికాయ పట్టుకున్నా, మిషన్ పట్టుకున్నా, "ఇక్కడ లేవు" అంటే మళ్ళీ ఎవరూ పిలవరు.

నా జీతానికి అడుగులతో సంబంధం లేదు. అందుకే నేలలోకి కరెంటు పంపి తీసే రెసిస్టివిటీ రీడింగులు చూశాక "పెద్దయ్యా, ఈ చెలకల ఇంక బోరు వెయ్యకుండ్రి, ఆ పైసలు ఉంచుకోండ్రి" అని చెప్పగలిగాను. అప్పటికే బోర్లు ఎండిపోయి అప్పుల్లో ఉన్న ఇంటికి ఆ మాట ఎంత అవసరమో దగ్గర నుంచి చూశాను. నీళ్ళు పడ్డ చోట్ల కంటే, వద్దని ఆపిన చోట్లే నాకు ఎక్కువ గుర్తున్నాయి. ఈ స్వేచ్ఛ ప్రైవేట్‌లో దొరకడం చాలా కష్టం.

రెండోది, ఏళ్ళ తరబడి కొలవడం. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, హైదరాబాద్‌లోనూ ఇళ్ళు కదిలాయి. అదే గోదావరి పరీవాహకంలో 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. మధ్యలో అర్ధ శతాబ్దం పైనే గడిచింది. ఆ నిశ్శబ్దపు ఏళ్ళలో కూడా ఎవరో ఒకరు భూమి కంపనాలను నమోదు చేసే సీస్మోగ్రాఫ్‌లు ఆగిపోకుండా చూసుకోవాలి. లాభం చూసుకునే కంపెనీ ఆ పని ఎందుకు చేస్తుంది? నీటిమట్టం కొలవడానికి పెట్టుకున్న పరిశీలన బావులూ అంతే. ఒక్క ఏడాది నీటిమట్టం చూస్తే పెద్దగా ఏమీ తెలియదు, ఇరవై ఏళ్ళ రికార్డు చూస్తే ఆ మండలం ఎటు పోతోందో అర్థమవుతుంది.

ఇక బాధలు. అందరూ జీతం అంటారు. మొదటి మెట్టు శాస్త్రవేత్త పోస్టు సైంటిస్ట్‌-బీ మూల వేతనం 56,100తో మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. హైదరాబాద్‌లో బతకడానికి ఏ లోటూ ఉండదు. నన్ను నిజంగా తిన్నది ఫైల్.

మా పనికి కాలం ముఖ్యం. వానలకు ముందు మే నెలలో నీటిమట్టం కొలవాలి, వానలు వెళ్ళాక నవంబర్‌లో మళ్ళీ కొలవాలి. ఆ రెండింటి తేడాలోనే భూమిలోకి ఎంత నీరు ఇంకిందో తెలుస్తుంది. బావిలో వేసి నీటిమట్టం కొలిచే సెన్సర్లు కొనమని ఇండెంట్ పెడతాం. టెక్నికల్ కమిటీ చూడాలి, పర్చేజ్ సెక్షన్ చూడాలి, ఫైనాన్స్ వాళ్ళు క్వెరీ రాస్తారు, జవాబిస్తే ఇంకో క్వెరీ వస్తుంది. చివరికి ఎల్‌1 పేరుతో తక్కువ ధర కోట్ చేసినవాడికే ఆర్డర్. ఒక ఏడాది సెన్సర్లు జూలైలో వచ్చాయి, అప్పటికే వానలు పడిపోయాయి. ఫైల్‌లో మాత్రం అంతా సక్రమంగానే ఉంది, ఎవరూ తప్పు చేయలేదు. మే నెల కొలత పోతే ఆ ఏడాది లెక్కే పోయినట్టని ఆ నోటింగుల్లో రాయడానికి ఒక్క గడి కూడా లేదు. పైగా మార్చి 31 లోపు ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుందని ఫిబ్రవరిలో టెన్షన్, అవసరమైనవి కాకుండా అప్పటికప్పుడు దొరికేవి కొనడం.

ఇప్పుడు కొంత మెరుగే. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థలకు నిబంధనలు సడలించింది. సైన్స్ పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైట్ జెమ్ పోర్టల్ బయట కొనడానికి సంస్థ అధిపతే అనుమతి ఇవ్వొచ్చు, కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలైంది. ఇది ఎప్పుడో రావాల్సింది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ప్రాజెక్ట్ పిల్లల పరిస్థితి. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000, కాగితం మీద బాగానే ఉంది. ఫండ్స్ విడుదల కాకపోతే నెలల తరబడి చేతికి రాదు. ఎండలో కేబుళ్ళు మోసి రీడింగులు తీసేది వాళ్ళే, రూమ్ అద్దెకు ఊరి నుంచి డబ్బు తెప్పించుకునేదీ వాళ్ళే. పర్మినెంట్ జీతం తీసుకునే మేం దీన్ని మామూలు విషయంగా చూడటం అన్యాయం.

కాబట్టి మీరు చేరండి, ప్రాజెక్ట్ పోస్టు తనంతట తాను రెగ్యులర్ అవుతుందని మాత్రం నమ్మకండి. మొదటి రోజు నుంచే ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్‌కూ, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షకూ చదవండి. జీఎస్‌ఐ, భూగర్భ జల బోర్డు పోస్టులకు యూపీఎస్సీ దారే, జనరల్ వాళ్ళకు వయసు 32 దాటకూడదు. సంతకం పెట్టేముందు ప్రాజెక్ట్ ఇంకా ఎన్నేళ్ళు ఉందో, ఫీల్డ్‌కు వెళ్తే ప్రయాణ ఖర్చు (టీఏ) ముందే ఇస్తారో తర్వాత ఇస్తారో అడగండి. అదే గైడ్ దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న వాళ్ళకు స్టైపెండ్ నెలనెలా పడుతోందా అన్నది గైడ్‌ను కాదు, క్యాంటీన్‌లో వాళ్ళనే విడిగా కనుక్కోండి.