చిన్న తూటాతో మూస్ వేటకు వెళ్లేవాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

స్వీడన్ వేట పరీక్ష గట్టెక్కావని, ఈసారి మూస్ (చలిదేశాల్లో ఉండే పెద్ద దుప్పి జాతి) వేటకు 6.5×55 రైఫిలే (6.5 మి.మీ. బుల్లెట్, 55 మి.మీ. తూటా గొట్టం) తీసుకెళ్తావని రాశావు. సంతోషం. ఐదు వందల కిలోల జంతువుకు పెన్సిలంత లావు కూడా లేని బుల్లెట్ ఏం సరిపోతుందని జట్టులో ఎవరో నవ్వారట. సరిపోతుంది. ఆ దేశంలో ఎన్నో తరాలుగా ఆ తూటాతోనే మూస్‌లను పడగొడుతున్నారు. కాకపోతే పెద్ద తుపాకీ కాస్తో కూస్తో కప్పిపుచ్చే తప్పుల్ని ఇది కప్పిపుచ్చదు. నీకు కావలసింది ధైర్యం కాదు, ఏ గురి వదిలేయాలో తెలియడం.

ముందు బెల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చిన్న తుపాకీ మాట ఎత్తగానే అందరూ ఆయన పేరే ఎత్తుతారు. స్కాట్లాండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ 20వ శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, వాటిలో ఎక్కువ భాగం 7×57 రైఫిల్‌తోనే. అందులో అబద్ధం లేదు. చెప్పేవాళ్లు వదిలేసేదల్లా మిగతా సగం. ఆయన వాడింది 173 గ్రెయిన్ల (గ్రాముకు సుమారు పదిహేనున్నర గ్రెయిన్లు) గుండ్రటి ముక్కు గట్టి బుల్లెట్. అది తల ఎముకలో విచ్చుకోదు, వంగదు, తిన్నగా పోతుంది. ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో ఏ కోణం నుంచైనా పోల్చుకునేదాకా చూశాడు. పైగా బాగా దగ్గరికి వెళ్లి కొట్టేవాడు. ఇప్పుడు ఆఫ్రికాలో పలు దేశాలు ఏనుగుకు, అడవి దున్నకు బుల్లెట్ లావు కనీసం .375 అంగుళం ఉండాలంటున్నాయి. కాబట్టి బెల్ దగ్గర నేర్చుకోవలసింది ఆయన తూటా సైజు కాదు, జంతువు లోపలి నిర్మాణం మీద ఆయనకున్న పట్టు. 1953లో కెనడాలోని ఆల్బర్టాలో బెల్లా ట్విన్ అనే క్రీ ఆదివాసీ మహిళ చిన్న .22 రైఫిల్‌తో భారీ గ్రిజ్లీ ఎలుగును చంపిన ఉదంతాన్నీ అలాగే చూడు. దగ్గరకొచ్చేసిన ఎలుగు కణతకు కొట్టి, అది పడ్డాక కూడా మళ్లీ మళ్లీ తూటా నింపి తలలోకే కాల్చింది. అది ప్రాణం కాపాడుకోవడం. దాన్ని వేట పద్ధతి అనుకుంటే జంతువూ బతకదు, నువ్వూ బతకవు.

ఇక బుల్లెట్. లోతుకు దిగడం అనేది లావు మీద కన్నా, లావుకు తగ్గ బరువు మీద, గట్టిదనం మీద ఆధారపడుతుంది. పౌండ్లలో బరువును అంగుళాల్లో వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చే లెక్కలో 6.5 మి.మీ. 160 గ్రెయిన్ల బుల్లెట్‌కు .328 వస్తుంది, .375లో 300 గ్రెయిన్లకు .305. సన్నగా పొడుగ్గా ఉన్నదే ముందుంది చూడు. అదే 6.5లో 120 గ్రెయిన్ల పలచటి బుల్లెట్ వేశావంటే ఈ లాభమంతా పోయింది. వేగంగా వెళ్లి, జబ్బ ఎముకకు తగిలి, పైపైనే ముక్కలవుతుంది. స్వీడన్ చట్టంలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. మూస్‌కు బుల్లెట్ 9 గ్రాములకు తగ్గకుండా ఉండి 100 మీటర్ల దగ్గర 2,700 జౌల్స్ శక్తి ఉండాలి, లేదా 10 గ్రాములు, ఆపైన ఉంటే 2,000 చాలు. 6.5×55లో తేలిక బుల్లెట్‌తో మొదటి లెక్క అందుకోవడం కష్టం. 156 గ్రెయిన్లంటే 10.1 గ్రాములు, రెండో లెక్కలో హాయిగా పాసవుతుంది. అదే తీసుకో. పైపొర, సీసం ఒకదానికొకటి అతికించిన రకమైతే మేలు. పూర్తి రాగి బుల్లెట్ కూడా మంచిదే, కానీ అది విచ్చుకోవడానికి వేగం కావాలి, దూరం పెరిగేకొద్దీ సన్నటి చిల్లు చేసి వెళ్లిపోతుంది.

పొడుగు బుల్లెట్ నిలకడగా ఎగరాలంటే బారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే గాళ్ల మెలిక బిగుతుగా ఉండాలి. 6.5×55కి మామూలుగా 200 మి.మీ.లో ఒక చుట్టు ఉంటుంది కాబట్టి నీకు ఇబ్బంది ఉండదు. ఎవరైనా .22 క్యాలిబర్ తుపాకీలో బరువైన బుల్లెట్ వేస్తానంటే మాత్రం ముందు కాగితం మీద కొట్టి చూడమను. చిల్లు గుండ్రంగా కాక కోలగా పడితే బుల్లెట్ పక్కకు తిరిగి తగులుతోందన్నమాట.

గురి ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం. మూస్ మూపు ఎత్తుగా కనిపిస్తుంది కదా, అది వెన్నెముక కాదు. వెన్నుపూసల మీద నిలువుగా లేచిన పొడుగాటి ఎముకలు, వాటి మీద కండ, జుట్టు. అసలు వెన్నుపాము చాలా కిందుగా పోతుంది. ఒళ్లంతా చూసి నడిమధ్యకు గురిపెట్టానని అనుకునేవాడు నిజానికి ఎత్తుకు కొడతాడు. ఆ ఎముకలకు తగిలితే జంతువు దభాలున కూలుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, అర నిమిషంలో లేచి వెళ్లిపోతుంది. అందుకే పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముంగాలి వెనక అంచును పట్టుకుని పైకి వెళ్లు. ఛాతీ కింది గీత నుంచి ఒళ్లు ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగు. కింద వేలాడే జుట్టును ఒళ్లుగా లెక్కపెట్టకు. అక్కడ రెండు ఊపిరితిత్తులూ దొరుకుతాయి, కాస్త దిగువకు పోయినా గుండె ఉంటుంది. రెండు ఊపిరితిత్తులూ అన్నది గట్టిగా గుర్తుపెట్టుకో. ఒక్కదానికే తగిలిన మూస్ కిలోమీటర్లు నడుస్తుంది.

కాస్త అటువైపు తిరిగి ఉంటే, బుల్లెట్ అవతలి ముంగాలి దగ్గర బయటికొచ్చేలా లెక్క వేసుకుని కొట్టు. ఎంత ఎక్కువ తిరిగి ఉంటే దారిలో అంత పెద్ద పొట్ట అడ్డం వస్తుంది. తడిసిన మేతతో నిండిన ఆ పొట్ట బుల్లెట్‌ను ఇసుక బస్తాలా ఆపేస్తుంది. ఎదురుగా నిలబడితే, వెనక్కి తిరిగి పోతుంటే, పరిగెత్తుతుంటే, మధ్యలో కొమ్మలుంటే కాల్చకు. పెద్ద తుపాకీవాడు కాల్చాడని నువ్వు కాల్చనక్కర్లేదు. తల్లి వెంట దూడ ఉంటే ముందు దూడనే కొట్టాలి. తల్లిని పడగొట్టి దూడను అనాథను చేయకూడదు.

దూరం 100 మీటర్లు, ఎంత బాగా కాల్చేవాడివైనా 150. మూస్ కాళ్లు పొడుగు, ఒళ్లు పెద్దది కావడంతో ఉన్నదానికంటే దగ్గరగా ఉన్నట్టు కంటిని మోసం చేస్తుంది. దూరం కొలిచే పరికరం ఉంటే వాడు.

కాల్చాక ఏం జరుగుతుందో ముందే తెలుసుకో, లేకపోతే కంగారు పడతావు. చాలాసార్లు ఏమీ జరగదు! ఊపిరితిత్తులు చిల్లు పడ్డ మూస్ ఉలిక్కిపడకుండా నిలబడి ఉంటుంది, లేదా తీరిగ్గా యాభై, వంద మీటర్లు నడుస్తుంది. తగల్లేదనుకుని తుపాకీ దించేవాళ్లే ఎక్కువ. దించకు. చెంప తుపాకీ కట్టె మీద నుంచి తీయకుండానే బోల్ట్ (తూటా ఎక్కించే గడియ) లాగి, అది నిలబడి ఉన్నంతసేపూ, గురి శుభ్రంగా ఉంటే మళ్లీ కొట్టు. మాంసం పాడవుతుందని రెండో తూటా దాచుకోవడం పిసినారితనం.

చిన్న బుల్లెట్‌తో ఇంకో చిక్కుంది. అవతల చిల్లు పడకపోవచ్చు, పడినా దళసరి చర్మం జారి దాన్ని మూసేస్తుంది. నెత్తురంతా లోపలే నిలిచి, మొదటి ముప్పై నలభై మీటర్లు చుక్క కూడా కనపడదు. కాబట్టి కదలకముందే అది నిలబడ్డ చోటుకు ఓ చెట్టునో రాయినో గుర్తు పెట్టుకో, నువ్వు కాల్చిన చోట గుడ్డపీలిక కట్టు. తెగిన జుట్టు, లోతుగా దిగిన గిట్టల జాడ వెతుకు. గులాబి రంగు నురగ కనిపిస్తే ఊపిరితిత్తులు, పావుగంటో అరగంటో ఆగి వెళ్లు. నల్లటి ఎరుపైతే కాలేయం కావచ్చు, ఇంకా ఎక్కువ ఆగాలి. పచ్చటి మేత, పుల్లటి వాసన ఉంటే పొట్టకు తగిలింది, గంటలు ఆగి కుక్కతో వెళ్లాల్సిందే. జాడ పట్టే కుక్క రెండు గంటల్లో అక్కడికి చేరేలా ఏర్పాటు ఉండాలని చట్టమే చెబుతోంది. ఆ కుక్క యజమాని ఫోన్ నంబరు వేటకు ముందే నీ దగ్గర పెట్టుకో.

సాధన మాట. ఈ తుపాకీకి నిజమైన లాభం ఒక్కటే, భుజాన్ని తన్నదు. తన్నే తుపాకీకి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ గుంజేవాళ్లు ఎంతమందో! ఆ లాభం వాడుకోవాలంటే బల్ల మీద ఆనించి కాల్చడం ఒక్కసారి సరిచూసుకోవడానికే చాలు. మిగతాదంతా నిలబడి, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆని కాల్చు. 20 సెంటీమీటర్ల పళ్లెంలో ఐదుకు ఐదు పడే దూరం ఎంతో, ఆ భంగిమలో అదే నీ హద్దు. చల్లటి బారెల్ నుంచి వచ్చే మొదటి తూటానే లెక్కలోకి తీసుకో, అడవిలో నీకు దొరికేది అదే. చలి బాగా ముదిరే రోజుల్లో బోల్ట్ లోపలి నూనె తుడిచేయి, గడ్డకడితే పిన్ను నీరసంగా కొట్టి తూటా పేలదు.

చర్మం ఒలిచేటప్పుడు బుల్లెట్ దొరికితే పారేయకు, కడిగి తూకం వెయ్యి. 156లో 120 గ్రెయిన్లకు పైన మిగిలితే అదే తూటా కొనసాగించు. సగం కూడా లేకపోతే వచ్చే ఏటికి మరో రకం చూసుకో, ఆ పెట్టెలో మిగిలినవి సాధనకు వాడేసెయ్.