ముత్యాల గర్భం: రిపోర్టు మామూలయ్యాక కూడా మెథోట్రెక్సేట్ ఎందుకు?

ముత్యాల గర్భం (బిడ్డ ఎదగక, మావి ముత్యాల్లాంటి నీటి బుడగలుగా పెరిగేది) తీసేశాక మీ శ్రీమతికి రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే గర్భపు హార్మోను మళ్లీ పెరిగిందని, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సరు మందు ఇంజెక్షన్లతో మామూలు స్థాయికి వచ్చిందని, అయినా డాక్టరు ఇంకో రెండు విడతలు చేయించుకోమంటున్నారని రాశారు. తగ్గాక మందెందుకు, ఈ పద్ధతి ఎవరు పెట్టారు అని అడిగారు. ఆరేళ్ల క్రితం మా చెల్లెలి విషయంలో నేనూ ఇదే అడిగాను. అడగడమే కాదు, ఆపేద్దామని పట్టుబట్టాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. గర్భం తీసిన చోట, వారం వారం రక్తపరీక్ష చేయించాలని మాకెవరూ చెప్పలేదు. రెండు నెలలకు మళ్లీ రక్తస్రావం మొదలైతే రాజమండ్రి తీసుకువెళ్లాం. రోజు విడిచి రోజు నాలుగు ఇంజెక్షన్లు, మధ్య రోజుల్లో ఆ మందు చెడు ప్రభావం తగ్గించే ఫోలినిక్ యాసిడ్ మాత్రలు, కొన్నాళ్ల విరామం, మళ్లీ మొదలు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, రావులపాలెం తర్వాత గౌతమిని దాటుతూ బస్సులో తిరిగాం. మూడో విడతకు రక్తస్రావం ఆగింది. కానీ నోరు పూసి పిల్ల గంజి తప్ప మింగలేకపోయేది. ఇంటి దగ్గర దాళ్వా కోతలు. "తగ్గింది కదండీ, ఇక చాలు" అన్నాను. డాక్టరమ్మ గారు రిపోర్టులో అంకె మీద వేలు పెట్టి, "ఇదింకా నలభై దగ్గరే ఉంది బాబూ. అయిదు కిందికి దిగాలి. దిగాక ఇంకో రెండు విడతలు. ఈ మాట మీద నిలబడినందుకే ఒక డాక్టరు ఉద్యోగం పోగొట్టుకున్నాడు" అన్నారు.

ఆ డాక్టరు పేరు మిన్ చియూ లీ. 1919లో చైనాలో పుట్టి, అక్కడే వైద్యం చదివి, 1947లో అమెరికా వెళ్లారు. 1955లో బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో రాయ్ హెర్ట్జ్ దగ్గర చేరారు. మావి కణాల నుంచి, కొన్నిసార్లు ముత్యాల గర్భం తర్వాత, పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకితే ఆ రోజుల్లో దాదాపు ఆశ వదులుకోవలసిందే. 1956లో అలాంటి స్థితిలో ఉన్న ఒక యువతికి లీ మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి.

మరొకరైతే అక్కడ ఆగేవారు. మూత్రంలో హెచ్‌సీజీ ఇంకా ఉందని లీ ఆగలేదు. హార్మోను వస్తోందంటే దాన్ని తయారుచేసే కణాలు ఒంట్లో ఎక్కడో ఉన్నట్టే కదా, నివురు కింద నిప్పులా! అది పూర్తిగా పోయేదాకా మందిచ్చారు. కంటికి కనిపించని జబ్బుకు అంత విషం ఎక్కించడం పైవారికి దారుణంగా తోచింది, ఆయన్ను సంస్థ నుంచి పంపేశారు. తర్వాత చూస్తే, మందు ముందుగా ఆపినవారికి జబ్బు తిరగబెట్టింది, చివరిదాకా వాడినవారికి రాలేదు. ఒళ్లంతా పాకిన గడ్డ క్యాన్సరు మందులతోనే నయమవుతుందని లోకానికి తెలిసింది అలా. 1972లో లీకి వైద్య పరిశోధనకు ఇచ్చే పేరున్న లాస్కర్ అవార్డు ఇచ్చారు. అంతకాలం ఆగవలసి రావడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆ మందు పుట్టుకలో మన ప్రాంతం వాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం, కణాలు చీలి పెరగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ అనే విటమినును, దాన్ని పోలి ఉండి దాని పనికే అడ్డుపడే పదార్థాలను తయారుచేసింది. మెథోట్రెక్సేట్ అందులోదే. ఫోలిక్ యాసిడ్ అందక క్యాన్సరు కణం చీలలేదు. నోటి లోపలి పొర కూడా త్వరత్వరగా పుట్టే కణాలదే కనుక నోరు పూస్తుంది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు, లీ సాధించింది చూడలేదు. తిరుగు బస్సులో ఇదంతా చెబితే చెల్లెలు "మన భీమవరమేనా అన్నయ్యా?" అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత ఇంజెక్షన్‌కు వెళ్లనని ఏ రోజూ అనలేదు.

తనకు ఆరో విడతకు అంకె అయిదు కిందికి దిగింది. పరీక్షకు అందనన్ని కొద్ది కణాలు మిగిలి ఉండవచ్చు. ఆ రెండు విడతలు వాటి కోసమే. మేమూ చేయించాం. డాక్టరమ్మ గారు చెప్పినట్టు ఏడాది ఆగాకే మళ్లీ గర్భం, ఇప్పుడు బాబు.

ఒక్క జాగ్రత్త. నీరసంగా ఉందని డాక్టరును అడగకుండా ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిను మాత్రలు వేయకండి. అవి, వారిచ్చే ఫోలినిక్ యాసిడ్ మాత్రలు ఒకటి కావు. మందుల షాపులో పేరు చదివి తీసుకోండి.