ఇంట్లో డబ్బుకు కటకట వస్తే మామూలు జీతగాళ్ల కుటుంబంలో ముందు దేనికి కోత పడుతుంది?

ఎవరినడిగినా హోటల్ తిండి, సినిమాలు, పండక్కి కొత్త బట్టలు అంటారు. మాకు అవి మొదటి నుంచీ అంతంతమాత్రమే కాబట్టి అక్కడ కోయడానికి ఏమీ లేదు. మా ఇంట్లో మొదటి కోత పడింది నాన్న బీపీ గోలీకి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే బ్లేడు పెట్టి కోశాడు.

నాన్న హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో టర్నర్, అంటే లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే పని. పెద్ద కంపెనీలకు కావాల్సిన బుష్షులు, షాఫ్టులు జాబ్ వర్క్ కింద చేసిచ్చే షెడ్డు. మేముండేది చింతల్‌లో, రెండు గదుల అద్దె ఇల్లు. ఇలాంటి ఇళ్లల్లో జీతం అద్దెకు, కిరాణాకు, చిట్టీకి సరిపోతుంది, మిగతా సంసారమంతా నడిచేది ఓటీ (ఓవర్‌టైమ్) మీద. తమ్ముడి స్కూలు ఫీజు ఓటీ, ఊళ్లో నానమ్మకు పంపేది ఓటీ, పెళ్లిళ్లలో చదివింపులు ఓటీ. (చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు ఇవ్వాలి. ఆ షెడ్డులో సింగిలే ఇచ్చేవాళ్లు, అదైనా దొరికితే చాలనుకునేవాళ్లం.) అందుకే ఆర్డర్లు తగ్గినప్పుడు ఎవరినీ పనిలోంచి తీసెయ్యక్కర్లేదు. సాయంత్రం అయిదున్నరకే లైట్లు ఆర్పేస్తే చాలు. 2019లో దేశమంతా బండ్ల అమ్మకాలు పడిపోయినప్పుడు అదే జరిగింది. పేపర్లలో మాంద్యం అని రాస్తున్నారు, మా ఇంట్లో ఏమో నాన్న ఎండ ఉండగానే వచ్చి కూర్చుంటున్నాడు.

దానికి ముందు ఏడాది ఇంకో ముచ్చట జరిగింది. ఓనరు జీతం 20,700 నుంచి 21,300 చేశాడు. అమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. ఈఎస్‌ఐకి (జీతంలో నెలనెలా కొంత కోసుకుని కార్మికుల కుటుంబాలకు ఉచిత వైద్యం ఇచ్చే పథకం) అప్పట్లో జీతం హద్దు 21,000 అని మాలో ఎవరికీ తట్టలేదు. హద్దు దాటగానే తీసెయ్యరు, కొన్ని నెలలు నడుస్తుంది, ఆ తర్వాత కోత ఆగిపోయి చేతికి నాలుగు రూపాయలు ఎక్కువొస్తే అదీ మంచికే అనుకున్నాం. 2019 జులైలో గోలీల కోసం డిస్పెన్సరీకి వెళ్తే ఇక ఇవ్వడం కుదరదన్నారు. వాళ్ల తప్పేం లేదు, రూలే అది. తెల్లకార్డు కావాలంటే పట్నంలో ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు, మాది దాటింది, కాబట్టి అప్పట్లో దానితో ముడిపడిన ఆరోగ్యశ్రీ కూడా లేదు. అసలు లేనివాడికంటే ఇరవై, పాతిక వేల జీతగాడి ఇల్లే ముందు కూలుతుందని నేను గట్టిగా చెప్తాను, కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక నెల మా చింతల్‌లో ఉండి చూడండి.

సంగతి బయటపడింది ఆ ఏడు దసరా ముందు ఆదివారం. సూది కోసం అమ్మ కుట్టుమిషన్ సొరుగు లాగితే కాగితంలో చుట్టిన సగం బ్లేడు, పక్కన ఒక పాత కుంకుమ భరిణె. మూత తీస్తే అడుగున కాస్త తెల్లటి పొడి, దాని మీద సగం గోలీలు, ఓ పదీ పన్నెండు. మనలాంటి వాళ్లం కోస్తే ఒక ముక్క పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతుంది, సగం పొడైపోతుంది. ముప్పై ఏళ్లుగా లేత్ మీద మిల్లీమీటరులో వందో వంతు చూసే మనిషి కోసినవి కదా, ఒక్కటి కూడా వంకర లేదు. ముందు నాకు కోపం కూడా రాలేదు, ఎంత చక్కగా కోశాడో అనుకున్నాను. ఆ తర్వాతే కడుపులో దేవింది.

అడిగితే, "సగం ఏసుకున్నా గంతే పని చేస్తది బిడ్డా, కంపెనోళ్లు ఊకె పెద్దగ చేస్తరు" అన్నాడు. అట్లా నెలకు మిగిల్చింది ఎంతో తెలుసా? నూటయాభై రూపాయలు. అదే నెలలో మేనత్త కూతురి పెళ్లికి 2,116 చదివించాం! గోలీ కోస్తే ఎవరికీ తెలియదు, చదివింపు తగ్గిస్తే మైకులో చదువుతారు, పుస్తకంలో రాస్తారు, పదేళ్ల తర్వాత కూడా తీసి చూస్తారు. ఈ చదివింపుల గోల గురించి విడిగా ఎప్పుడైనా రాయాలి.

మర్నాడు బస్తీ దవాఖానాకు, అంటే సర్కారు వాళ్లు బస్తీల్లో పెట్టిన ఉచిత క్లినిక్‌కు, తీసుకెళ్లాను. లోపలికి రానని గేటు దగ్గరే నిలబడ్డాడు, "ఇది లేనోళ్లకు గదా" అని. చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే బీపీ 170 దాటింది. డాక్టరమ్మ తిట్టింది, గోలీలు ఉచితంగా ఇచ్చారు. జులై నుంచీ ఆ వీధిలోంచే నడిచి పనికి పోయాడు ఆయన. ఇంటికొచ్చి నేను ఇదంతా చెప్తుంటే అమ్మ నావైపు చూడకుండా బియ్యం ఏరుతూ కూర్చుంది. ఆమె థైరాయిడ్ గోలీల డబ్బా ఎండాకాలం నుంచీ అదే డబ్బా అని నాకు వెలగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెప్పేది, ఇంట్లో ఏం తగ్గిందో తెలుసుకోవాలంటే వంటింట్లో వెతక్కండి. పెద్దవాళ్ల గోలీల స్ట్రిప్ తీసి, కొన్న రోజు నుంచి లెక్కపెట్టండి. పదిహేను గోలీలు ఇరవై రోజులైనా అయిపోలేదంటే మీరే వెళ్లి కొనుక్కురండి, జన ఔషధి దుకాణాల్లో అదే మందు చాలా చవగ్గా దొరుకుతుంది. వాళ్లనడిగితే చెప్పరు. నాన్న స్ట్రిప్ ఇప్పటికీ నెలనెలా నేనే లెక్కపెడతాను, ఆయనకది అస్సలు నచ్చదు.