రేకులు లేచిపోయిన చోట మళ్లీ అవే రేకులా?

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ప్రశ్న: గోపాలపూర్ బీచ్ పక్కన మాకు చిన్న లాడ్జి ఉంది. గదులకు శ్లాబు ఉంది. భోజనశాల మాత్రం ఇనుప స్తంభాల మీద రేకుల షెడ్డు, మూడు వైపులా గోడ లేదు. మొన్నటి తుపానుకు కప్పు మొత్తం లేచిపోయింది, స్తంభాలు నిలబడ్డాయి. దసరాకల్లా తెరవాలి. పాత స్తంభాలకే కొత్త రేకులు బిగిస్తే చాలని మేస్త్రి అంటున్నాడు. చాలుతుందా?
– లాడ్జి యజమాని, గోపాలపూర్, ఒడిశా

జవాబు: చాలదండీ. మీరు తెరవాలనుకుంటున్న దసరా రోజులే తుపాన్ల రోజులు కూడా. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, సరిగ్గా దుర్గాష్టమి నాడు మీ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది.

ముందు లెక్క చూడండి. మన తీరానికి భవన ప్రమాణాలు చెప్పే మూల గాలివేగం (కట్టడం లెక్కకు ఆధారంగా తీసుకునే వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న రేకు మీద అది 400 కిలోలు దాటుతుంది. రేకు బరువేమో 15 కిలోల లోపే. పైగా గోడలు లేని షెడ్డులో గాలి కింద నుంచి ఎత్తుతుంది, పై నుంచి లాగుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో, కప్పు శిఖరం దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. అందుకే రేకు ఎప్పుడూ మూల నుంచే లేవడం మొదలవుతుంది.

రేకు నుంచి పునాది దాకా ప్రతి అతుకూ ఈ లాగుడును కిందికి దింపాలి. మధ్యలో ఒక్కటి బలహీనమైనా అక్కడే తెగుతుంది. అంచుల్లోనూ మూలల్లోనూ రేకు ప్రతి మిట్టకూ స్క్రూ, మధ్యలో మిట్ట విడిచి మిట్టకు. స్క్రూ తల కింద వెడల్పాటి వాషరు తప్పనిసరి. అది లేకపోతే రేకు అదిరి అదిరి రంధ్రం సాగి, స్క్రూ అక్కడే ఉండగా రేకు చిరిగి పోతుంది. అడ్డ పైపులను దూలాలకు నాలుగు చుక్కల వెల్డింగుతో వదిలేయకుండా యు-బోల్టులతో పట్టించండి. చూరు ఒకటిన్నర అడుగు దాటి బయటికి రానివ్వొద్దు. వాననీళ్లకు అడ్డమని మూడడుగులు తీయడం మన దగ్గర అలవాటు, గాలికి అదే పట్టు.

స్తంభాలు నిలబడ్డాయని సంబరపడకండి. కప్పు ముందే ఊడిపోయింది కాబట్టి అవి బతికాయి. ఇప్పుడు కప్పును గట్టిగా బిగిస్తే ఆ లాగుడంతా పునాదికి వస్తుంది. అటూ ఇటూ పదడుగులకు ఒక స్తంభం ఉంటే ఒక్కోదాని మీద సుమారు 1,400 కిలోలు. దాన్ని కాంక్రీటు బరువుతోనే ఆపాలంటే ఒక్కో స్తంభం కింద 0.6 ఘనపు మీటరు కాంక్రీటు కావాలి. మీ స్తంభం పక్కన తవ్వి చూడండి, ఎంత ఉందో తెలుస్తుంది. బోల్టులు జింకు పూతవి వాడండి. ఉప్పుగాలికి మామూలువి లోపల తినేసి పైకి బాగానే కనిపిస్తాయి. ఏప్రిల్‌కి ముందు ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి పానాతో బిగించి చూడాలి. చివరి కొలతలు ఇంజినీరు చేత వేయించండి.

ఇంత ఖర్చు పెట్టలేకపోతే రెండో దారి ఉంది: తాటాకు, వెదురుతో ఒక్క పూటలో విప్పి లోపల పెట్టుకోగలిగే పందిరి. సగం గట్టి షెడ్డు కంటే అదే మేలు. ఎగిరిన రేకు పక్కింటివాళ్లకు కత్తితో సమానం.

ప్రశ్న: సముద్రం గదిలోంచి కనిపించాలని ముందున్న ఇసుక దిబ్బను చదును చేయించొచ్చా?
– ఛత్రపురం పాఠకుడు

జవాబు: వద్దు. తీర నియంత్రణ నిబంధనల కింద అది నిషేధం. ఉప్పెన అలను మొదట ఆపేది కూడా ఆ దిబ్బే. తుపాను కోసేసినా, మొగలి పొదలూ పాకే తీగలూ మిగిలితే ఇసుక మళ్లీ చేరుతుంది. అందుకని కోత పడిన చోట మొగలి నాటి, అడుగు ఎత్తున వెదురు కంచె కట్టండి. బీచ్‌కి దారి కావాలంటే చెక్క మెట్లు దిబ్బ మీదుగా వేయండి. దిబ్బను చీల్చి దారి తీస్తే ఉప్పెన నీరు ఆ సందులోంచే లోపలికి వస్తుంది.

ప్రశ్న: హెచ్చరిక వచ్చినా డబ్బు పోతుందని అతిథులు కదలరు. ఏం చేయాలి?
– హోటల్ మేనేజరు, బరంపురం

జవాబు: వాతావరణ శాఖ పసుపు అలర్టు కనీసం 48 గంటల ముందు, నారింజ హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. పసుపు రోజే పంపించండి. నారింజ దాకా ఆగితే రైళ్లు రద్దవుతాయి, ఆ తర్వాత చెట్లు పడి రోడ్లు మూసుకుపోతాయి. పసుపు అలర్టు వస్తే కట్టిన సొమ్ము మొత్తం మరో తేదీకి చెల్లుతుందని రసీదు మీదే అచ్చు వేయించండి. అప్పుడు వాదన ఉండదు. వంటవాళ్లకు, తీరంలో ఈతగాళ్లుగా పనిచేసే నోలియాలకు సూచనలు ఒడియాతో పాటు తెలుగులోనూ రాసి పెట్టండి, చాలామంది ఇంటి భాష అదే. గంజాంలోని వెంకటరాయిపూర్ మత్స్యకార గ్రామానికి 2020లో యునెస్కో సంస్థ ‘సునామీకి సిద్ధం’ గుర్తింపు ఇచ్చింది. అక్కడిలాగే ఖాళీ చేసే దారుల పటం గోడ మీద ఉండాలి, ఏటా ఒకసారి కసరత్తు జరగాలి.

ప్రశ్న: ఉప్పెన నీరు బావిలోకి వచ్చింది. ఎప్పుడు వాడొచ్చు?
– రంభ నుంచి

జవాబు: మోటారు పెట్టి ఒక్కసారిగా తోడేయకండి, కింది ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది. చెత్త తీసి, రోజూ కొంచెం కొంచెంగా తోడుతూ రుచి చూడకుండా ఉప్పు మీటరుతో పరీక్షించండి. ఉప్పు తగ్గేదాకా ట్యాంకరు నీళ్లే. ఆ నీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగు పౌడరు కలిపి అరగంట ఆగండి. మూత తీసి నెలలైన పొట్లంలో క్లోరిన్ మిగలదు, కొత్తది కొనండి.